జాగు ఆకాశములో లేదు

1893వ సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీన సికిందరాబాదులోని మహబూబ్ కళాశాలలో స్వామి వివేకానందుడు, తాను పాశ్చాత్యదేశములకు ఏల పోదలచెనో సభాముఖమున వివరించెను. ఆ యేడే మే 31న బొంబాయి రేవున ఓడ యెక్కి, కొలంబో, పెనాంగు, సింగపూరు, హాంకాంగుల మీదుగా జపాను చేరి, అచ్చట వేఱొక ఓడ పట్టి పసిఫిక్ మహాసముద్రమును దాటి, కెనడా తీరమున వాంకూవరులో దిగి, అటుపై రైలుబండిలో ప్రయాణించి జూలై 30న చికాగో నగరమున అడుగిడెను. బొంబాయి నుండియే లెక్కించినను సరిగా రెండు మాసముల ప్రయాణము. నేడు హైదరాబాదున బయలుదేరి నడుమ ఎచ్చటను దిగకుండ ఎగురు విమానము రమారమి 16 గంటలలో ఆ నగరమును చేరగలదు.

ఇట్టివి చెప్పుకొన్నప్పుడెల్ల ప్రపంచము చిన్నదైపోయినదని మనము సంబరపడుచుందుము. ప్రపంచము అంగుళమైనను చిన్నది కాలేదు. హైదరాబాదునకును చికాగోకును నడుమ భూతలము మీద అతిసమీప మార్గము నాడును నేడును సుమారు 13,280 కిలోమీటర్లే. తగ్గినది కాలము మాత్రమే. ఆ కాలమును తగ్గించినది ఏది, అది మఱింత తగ్గకుండ అడ్డుపడుచున్నది ఏది అని విచారించినచో, విమానాశ్రయముల శంకుస్థాపనలయందును నూతన విమానముల ప్రారంభోత్సవములయందును మన పాలకులు చూపు ఉత్సాహము సరియైన చోటనే వ్యయమగుచున్నదా అను సందేహము కలుగక మానదు. ఏండ్ల తరబడి ఆ రెండు నగరముల నడుమ రాకపోకలు సాగించుచున్న తెలుగు కుటుంబములు వేనవేలు గనుక, ఆ మార్గమునే ఉదాహరణముగా గైకొందును.

మొదట దూరము మాట. గోడకు వ్రేలాడు ప్రపంచపటము చూచినవారికి చికాగో మనకు పడమట ఉన్నట్లు తోచును. అరేబియా, మధ్యధరా సముద్రము, అట్లాంటిక్ మహాసముద్రము, ఈ వరుసన సాగిపోవుటయే తిన్నని దారి యనిపించును. ఆ పటము మీద బద్ద పెట్టి గీచిన గీత వెంట నిజముగా పోయినచో ప్రయాణము సుమారు 16,100 కిలోమీటర్లగును. గుమ్మడికాయ మీద రెండు చుక్కలు పెట్టి వాని నడుమ దారమును బిగించి లాగిన యెడల దారము తనంతట తాను దగ్గఱి త్రోవను వెదకుకొన్నట్లే, గోళాకారమైన భూమి మీద అతిసమీప మార్గము పడమటకు గాక, ఇంచుమించు ఉత్తరమునకు పోవును. హైదరాబాదున లేచిన ఆ రేఖ పంజాబును, జమ్మూ ప్రాంతమును, గిల్గిత్ పర్వతములను, పామీరు పీఠభూమిని దాటి, కజకిస్థాను, రష్యాల మీదుగా బారెంట్స్ సముద్రమున ప్రవేశించి, స్వాల్‌బార్డ్ దీవుల చెంత 79 డిగ్రీల ఉత్తర అక్షాంశము వఱకు ఎగబ్రాకి, గ్రీన్‌లాండు హిమస్థలిని అడ్డముగా దాటి, బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతముల మీదుగా చికాగోలో దిగును. ఇట్లు ఉత్తరధ్రువప్రాంతమును చుట్టి పోవుటవలన, పటము చూపు మార్గముకంటె 2,800 కిలోమీటర్లు కలిసివచ్చును.

కాని ఈ గణితరేఖ వెంట విమానము ఏనాడును యథాతథముగా ఎగురదు. ఎగురనీయనివి మూడు: గాలి, కొండ, రాజ్యము.

గాలి మాట మొదట చెప్పెదను. భూతలమునకు పది కిలోమీటర్ల యెత్తున పడమటి నుండి తూర్పునకు మహావేగముతో పాఱు వాయుప్రవాహములు కలవు. బుడగలను ఎగురవేసి వానిని మొదట శాస్త్రీయముగా కొలిచినవాడు ఓయిషి వసబురో అను జపాను శాస్త్రజ్ఞుడు; తన పరిశోధనను లోకమెల్ల చదువవలెనని 1926లో ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను గాని, ఆ భాష చదువువారే అరుదగుటచేత ఆ సత్యము చాలకాలము మఱుగున పడియుండెను. 2020 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మీద తుఫాను చెలరేగినప్పుడు, న్యూయార్కున లేచిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానము వెనుకగాలి తోడ్పాటుతో 4 గంటల 56 నిమిషములలోనే లండను చేరెను. సామాన్యముగా ఆ ప్రయాణమునకు ఆఱేడు గంటలు పట్టును.

అంతకంటె ఆలోచింపదగిన సంఘటన 2016 అక్టోబరులో జరిగినది. ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు అంతవఱకు అట్లాంటిక్ మీదుగా పోవుచుండిన ఎయిరిండియా విమానము ఆ మార్గమును విడిచి తూర్పుదిక్కు పట్టి, పసిఫిక్ మీదుగా, సుమారు 15,300 కిలోమీటర్లు ఎగిరి గమ్యము చేరెను. పూర్వపు మార్గముకంటె ఇది సుమారు 1,400 కిలోమీటర్లు అధికము. అయినను ఎదురుగాలి తొలగి వెనుకగాలి కలిసివచ్చుటచేత, పూర్వముకంటె తక్కువ కాలములో, అనగా పదునాలుగున్నర గంటలలోనే ఆ ప్రయాణము ముగిసెను. దూరము పెరిగిన కొలది కాలమును పెరుగునని చిన్ననాట నేర్చిన లెక్క నేలమీది బండికి సరిపోవును గాని, ఆకాశయానమునకు సరిపోదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇక కొండలు. విమానమునకు కొండ అడ్డమేమి, దానిపైనుండి పోవచ్చునుగదా యని శంకింపవచ్చును. విమానములోపలి గాలి పీడనము అకస్మాత్తుగా పడిపోయినచో ప్రయాణికులు ఊపిరి పీల్చుకొనుటకు వీలగునట్లు పైలట్లు పదివేల అడుగుల యెత్తునకు త్వరితముగా దిగవలెను. కారకోరం, హిందూకుష్, టిబెట్టు ప్రాంతములలో భూమియే అంతకు మించిన యెత్తున ఉన్నది. కావున అచ్చట ఎగురువారు తప్పించుకొను దారులను ముందుగా నిర్ణయించుకొని, ప్రాణవాయువును అధికముగా నింపుకొని పోవలెను. లేదా చుట్టుత్రోవ పట్టవలెను.

గాలిని కొండను మనము చేయలేదు. మూడవది మాత్రము మానవనిర్మితము. ప్రతి రాజ్యమునకును తన భూభాగముపై నున్న ఆకాశముపై సంపూర్ణమైన సార్వభౌమాధికారము కలదని అంతర్జాతీయ పౌరవిమానయాన ఒడంబడిక చాటినది. ఆ ఒడంబడికపై దేశములు సంతకములు చేసినది 1944 డిసెంబరు 7న, ఈ చికాగో నగరముననే. ఆకాశమునకును సరిహద్దులు గలవు. ఎవరితో ఎవరికి విరోధము కలిగినను మొదట మూతపడునవి గగనద్వారములే. 2025 ఏప్రిల్ 24 నుండి పాకిస్తాను మన విమానములకు తన ఆకాశమును మూసివేసినది. కొలదిదినములలో మనమును వారి విమానములకు మన ఆకాశమును మూసితిమి. తత్ఫలితముగా ఢిల్లీ నుండి అమెరికాకు పోవు మన విమానములు కొన్ని చుట్టు తిరిగి, వియన్నాలోనో కోపెన్‌హేగనులోనో ఇంధనము కొఱకు దిగి పోవలసివచ్చినది. దూరమును పెంచినది భూమి కాదు. రెండు ప్రభుత్వముల ఉత్తరువులు.

ఫిన్లాండు వారి అనుభవము దీనికి మఱింత తేటయైన నిదర్శనము. సోవియట్ ప్రభుత్వము సైబీరియాపై దారి ఇయ్యని కాలమున, 1983లో, ఫిన్నెయిర్ సంస్థ ఉత్తరధ్రువము మీదుగా హెల్సింకి నుండి టోక్యోకు ఆగని విమానమును నడపెను. పిమ్మట సైబీరియా తెఱచుకొనెను; ప్రయాణము తొమ్మిదిగంటల ప్రాంతమునకు తగ్గెను; ఐరోపాకును తూర్పు ఆసియాకును నడుమ అతిసమీప ద్వారము తమ నగరమేయని వారు దశాబ్దములపాటు వ్యాపారము సాగించిరి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము మొదలై రష్యా ఆకాశము వారికి మూసుకొనుటతో అదే ప్రయాణము 13 గంటలైనది. నాలుగు దశాబ్దముల వెనుకటి ధ్రువమార్గమే మరల శరణ్యమైనది. నగరములు అవియే, మునుపటికంటె మేలైన విమానములు; పెరిగిన గంటలు మాత్రము రాజనీతి విధించినవి.

విమానముల వేగమును పెంచిన చాలదా యని అడుగవచ్చును. ఇచ్చటనే మనలో ఒక బలమైన భ్రాంతి కలదు. విమానములు ఏటేట వేగవంతములగుచున్నవని మనము తలంతుము. వాస్తవము అట్లు లేదు. ఎయిరిండియా 1960లో తన మొదటి జెట్ విమానములైన బోయింగు 707లను నడిపినప్పుడు అవి ఎంత వేగముతో ఎగిరినవో, నేటి విమానములును ఇంచుమించు అంతే వేగముతో, అనగా గంటకు 900 కిలోమీటర్లకు అటునిటుగా ఎగురుచున్నవి. ధ్వనివేగమును మించి ఎగిరిన కాంకార్డు 1976 నుండి 2003 వఱకు ప్రయాణికులను మోసి, వ్యయభారమునకు తాళలేక విరమించెను. ఆ విషయమున మనము మన తండ్రుల తరముకంటె వెనుకబడితిమనుటయే న్యాయము.

వేగము పెరుగకున్నను ప్రయాణకాలము తగ్గుటకు కారణము నడుమ మజిలీలు తొలగిపోవుటయే. 1948 జూన్ 8న బొంబాయిలో లేచిన ‘మలబార్ ప్రిన్సెస్’ విమానము కైరోలోను జెనీవాలోను దిగి గాని లండను చేరలేకపోయెను. నేడు అదే దూరమును ఒక్క ఊపున దాటుచున్నాము. 2005 నవంబరులో బోయింగు 777-200ఎల్‌ఆర్ విమానమొకటి పరీక్షార్థము హాంకాంగు నుండి తూర్పుదిక్కుగా లండను వఱకు 21,600 కిలోమీటర్లను 22 గంటల 42 నిమిషములలో నేలను తాకక ఎగిరెను. ఇంతకుమించిన దూరము ఏ రెండు నగరముల నడుమను ఉండదు. భూగోళము చుట్టుకొలతలో సగమే సుమారు 20,000 కిలోమీటర్లు. అనగా యంత్రమునకు సంబంధించినంత వఱకు దూరము అను సమస్య ఇరువది ఏండ్ల క్రిందటనే తీఱినది.

ఆ రకపు విమానముతోనే 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాదు–చికాగోల నడుమ ఆగని రాకపోకలను ఆరంభించెను. తెలుగువారు ఎంతో ముచ్చటపడిరి. అటుతరువాత ఆ విమానము నిలిచిపోయినది. నిలిచినందుకు కలత చెంది, మరల దానిని తెప్పించుటయే తెలుగుజాతి ప్రతిష్ఠకు సంబంధించిన విషయమన్నట్లు మాటలాడువారు ఉన్నారు. నేను వారితో ఏకీభవింపజాలను. ఏలనగా దుబాయి మీదుగా చికాగో పోయినచో దూరమెంత పెరుగునో లెక్కించి చూడుడు. హైదరాబాదు నుండి దుబాయికి 2,545 కిలోమీటర్లు; దుబాయి నుండి చికాగోకు 11,640; మొత్తము 14,185. తిన్నని మార్గముకంటె అధికమైనది 900 కిలోమీటర్లు. ఆకాశములో అది ఒక్క గంట పని. రెండవమారు ఎక్కుటకు దిగుటకు పట్టు అదనపు కాలమునకు మఱొక గంటో రెండు గంటలో చేర్చుకొందము. అయినను ఇట్టి ప్రయాణము తఱచుగా ఒక అహోరాత్రమును ఏల మ్రింగుచున్నది? మిగిలిన గంటలు ఎచ్చటికి పోయినవి?

అవి నేలమీద పోయినవి. అంతర్జాతీయ విమానమునకు మూడుగంటలు ముందుగా రమ్మందురు. కరీంనగరము నుండియో గుంటూరు నుండియో వచ్చువాడు శంషాబాదు చేరుటకు అంతకుముందే నాలుగైదు గంటలు రోడ్డుమీద గడపును. వలస అధికారుల వరుస, భద్రతా తనిఖీల వరుస. నడుమ విమానాశ్రయములో మరల తనిఖీ, మరల నిరీక్షణము. అమెరికాలో మొదట దిగిన ఊరిలోనే ప్రవేశపరీక్ష ముగించుకొని, పెట్టెలను తీసికొని, వేఱొక ఊరికి పోవలసియున్నచో వానిని మరల అప్పగించి, ఇంకొక విమానము కొఱకు పరుగు. ఇంగ్లీషు రాని వృద్ధులైన తల్లిదండ్రులు, నడువగలిగియు, ఎవరో ఒకరు దారి చూపుదురను ఆశతో చక్రముల కుర్చీని కోరుకొనుటకు కారణము ఈ నేలమీది భయమే గాని, ఆకాశమన్న భయము కాదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణమున బయలుదేరి, కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చెను. ఏ మజిలీలో నీరు ఎట్లుండెను, ఎచ్చట బస దొరకెను, ఏ ఏఱు దాటుట కష్టమయ్యెను అను విషయములన్నియు ఆయన వ్రాసిపెట్టెను; నడిచిన దినములతోబాటు ఆగిన దినములను గూడ ప్రయాణములో భాగముగనే చెప్పెను. అదియే నిజాయితీగల లెక్క. నేటి విమానసంస్థలు టికెట్టు మీద చూపు ‘ప్రయాణకాలము’ విమానము తలుపు మూయుటతో మొదలై తలుపు తెఱచుటతో ముగియును. గడపదాటినది మొదలు గమ్యమున గడప త్రొక్కునంతవఱకు గల కాలము ఏ ప్రకటనలోను కానరాదు.

గడియారము సయితము మనలను మఱపించును. చలికాలమున హైదరాబాదునకును చికాగోకును నడుమ పదకొండున్నర గంటల అంతరము. మధ్యాహ్నము 12 గంటలకు ఇచ్చట బయలుదేరి 16 గంటలు ఎగిరినవాడు ఆ సాయంత్రము నాలుగున్నరకే అచ్చట దిగును; మధ్యాహ్నపు భోజనము ఇచ్చట, రాత్రి భోజనము అచ్చట అని మురిసిపోవును. శరీరము ఈ మాయను నమ్మదు. అది దినమునకు ఇంచుమించు ఒక గంట చొప్పున మాత్రమే సర్దుకొనగలదు గనుక, నిద్ర కుదుటపడుటకు పది దినములు పట్టుటలో వింత లేదు. ఇది వేగము విధించు సుంకము. ఓడలో రెండు మాసములు పోయినవారు ఈ సుంకము చెల్లింపలేదు.

ఆగని విమానము మేలైనది కాదని నేననుటలేదు. పసిబిడ్డలతో పోవు తల్లికి, వ్యాధిగ్రస్తునకు, వృద్ధులకు అది వరమే. కాని దాని వెనుకనున్న అర్థశాస్త్రమును కాదనరాదు. 16 గంటలకు వలయు ఇంధనమును ఒక్కమారుగా నింపుకొన్న విమానము, ఆ ఇంధనపు బరువును మోయుటకే కొంత ఇంధనమును కాల్చుకొనును. ఆ వ్యయము టికెట్టు ధరలో చేరును. ఎక్కువ ధర ఇచ్చువారు ముందు వరుసలలో నిండినగాని అట్టి విమానము నిలువదు. సంవత్సరమునకు ఒకమారు, అదియు తక్కువ ధర వెదకుకొని పోవు మధ్యతరగతి కుటుంబములే అధికముగా గల మార్గమున అది నిలద్రొక్కుకొనుట కష్టము. పైగా పొరుగువాడు ఆకాశమును మూసిన మరునాడు ఆ మార్గమే కుంటుపడును. ఆకాశమును తెఱపించు శక్తి ఏ ముఖ్యమంత్రికిని లేదు. గాలిని మరలించు శక్తి ఎవరికిని లేదు. చౌకగా వేగమును పెంచు శక్తి ప్రస్తుతమునకు శాస్త్రజ్ఞులకును లేదు. మన చేతిలో నున్నది నేలయే. అందుచేత ప్రభుత్వములు, ప్రజలు దృష్టి నిలుపవలసినది నేలమీదనే.

నేలమీద కాలమును తగ్గింపవచ్చుననుటకు మన అనుభవమే సాక్ష్యము. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు వెలసి, 2009లో వీసాల పని ఆరంభము కాకపూర్వము, తెలుగువారు ముద్ర కొఱకు చెన్నపట్టణమునకు పోయి రావలసివచ్చెడిది. ఆ ఒక్క కార్యాలయము మనవారికి మిగిల్చిన దినములను, ఖర్చును లెక్కించినచో, ఏ నూతన విమానమును అంత మేలు చేసియుండలేదని తేలును. అబుదాబి విమానాశ్రయమున 2014 జనవరి నుండి అమెరికా అధికారులే కూర్చుండి ప్రవేశపరీక్షలను అచ్చటనే ముగించి పంపుచున్నారు. ఆ ప్రయాణికుడు అమెరికాలో దేశీయ విమానమున వచ్చినవానివలె దిగి బయటికి నడచిపోవును. ముందుగా నమోదు చేసికొన్న భారతీయులు స్వయంచాలక ద్వారముల గుండ వలసపరీక్ష ముగించుకొను పద్ధతి 2024లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాదునకును వచ్చినది. ఇవన్నియు కాగితము మీద కలము కదలుటవలన మిగిలిన గంటలు.

కావున తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు కేంద్రమును అడుగవలసిన కోరికల వరుస మారవలెను. అమెరికా ప్రవేశపరీక్షను శంషాబాదుననే ముగించు ఏర్పాటు కొఱకు సంప్రదింపులు జరుపుమనుట మొదటిది. స్వయంచాలక ద్వారముల సంగతి పల్లెటూళ్ళ తల్లిదండ్రులకు తెలియజేసి, జిల్లాకేంద్రములలోనే నమోదుకు తోడ్పడుట రెండవది. గన్నవరములోనో విశాఖపట్టణములోనో పెట్టెలను ఒక్కమారు అప్పగించి, గమ్యములోనే తీసికొనునట్లు విమానవేళలను పొందుపఱచుట మూడవది. అట్లయినచో కోస్తావాసి రాత్రంతయు బస్సులో కూర్చుండి హైదరాబాదు చేరవలసిన అగత్యము తప్పును. పెద్దలకు తెలుగులో దారి చెప్పగల సహాయకులను నియమించుట నాలుగవది. దీనికి ఏ దేశముతోను ఒడంబడిక అక్కఱలేదు. విమానసంస్థలు టికెట్టు మీద ఎగురు కాలమును, నేలమీద వేచియుండు కాలమును వేఱువేఱుగా ముద్రింపవలెనని నియమము చేయుట ఐదవది.

ఆగని విమానము వచ్చినచో సంతోషింతము. లాభము చూచుకొని సంస్థలే తెచ్చుకొనును. దానికై ప్రజాధనమును కుమ్మరింపనక్కఱలేదు, దాని రాకను రాష్ట్రప్రగతికి కొలమానముగా ఎంచనక్కఱయును లేదు. ఆకాశములో గంటకు 900 కిలోమీటర్లు పోవు మనిషిని నేలమీద ఎనిమిది గంటలు నిలువబెట్టు వ్యవస్థను సరిదిద్దుట అంతకంటె సులభము, అంతకంటె చౌక. కొత్త విమానమునకు జెండా ఊపు మంత్రిగారిని ఇకమీదట మనము అడుగవలసినది ఒక్కటే: మా యింటి గడప నుండి అచ్చటి గడపకు ఎన్ని గంటలు తగ్గించినారు?